నేలలో నింకిన పెట్రోలు – గాలితో చికిత్స



బావినీరు చెడుట మనకు క్రొత్త కాదు. ఆకులు రాలి కుళ్ళిన నీరు, వరదకు బురదపట్టిన నీరు, ఉప్పు తేలిన నీరు, పండ్లను గారపట్టించి ఎముకలను వంచు ఫ్లోరైడు నీరు – వీనినన్నిటిని మన ప్రజ చూచియున్నది. నేడు నేను మనవి చేయబోవునది వేరొక చెరుపు. పెట్రోలు, డీజెలు, కిరసనాయిలు మున్నగు నూనెలు నేలలో నింకి భూగర్భజలముతో గలిసినచో, ఆ నీటిని మరల త్రాగుటకు యోగ్యముగా చేయవచ్చునా? చేయవచ్చునన్నచో ఎట్టి నేలలో? ఇదియే నా ప్రసంగవిషయము. నేలలోనికి గాలి నూది ఈ శుద్ధి చేయు పద్ధతి యొకటి కలదు. ఆంగ్లమున దానిని ఎయిర్ స్పార్జింగ్ అందురు. 1985 ప్రాంతమున జర్మనీదేశమున మొదలై తరువాత అమెరికాలో మిక్కిలి వ్యాపించినది.

నేనీ విషయమును చదువుటకు కారణమొకటి యున్నది. కొన్ని మాసముల క్రిందట నగరమునకు దక్షిణముననున్న యొక పల్లెనుండి ఒక పెద్దమనిషి ఫలక్‌నుమాలోని మా యింటికి వచ్చెను. ఆయన కుమారుడు పూర్వము నా శిష్యుడు. కుశలప్రశ్నలైన పిమ్మట ఆయన యిట్లనెను: "పంతులుగారూ, మా ఊరి మంచినీళ్ళ బావిలో కిరసనాయిలు వాసన కొట్టుచున్నది. పూడిక తీయించి, సున్నమును బ్లీచింగు పొడియు వేయింతమని పంచాయతీలో అనుకొంటిమి. మనుష్యులు దిగుటకు ముందు అలవాటుచొప్పున లాంతరు దింపి చూచెదము. మీరేమందురు?"

"అయ్యా, తక్కినవి తరువాత మాటాడుకొందము. ముందు ఆ లాంతరు మాట మానుడు" అంటిని.

పాడుబావిలో దీపము దింపి చూచుట మన పెద్దలు నేర్పిన మంచి పరీక్ష. దీపమారినచో అందు మనుష్యుడు పీల్చదగిన గాలి లేదని తెలియును. అయితే ఆ పరీక్ష కుళ్ళుగాలికే గాని పెట్రోలు ఆవిరికి గాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడునాలుగు రెట్లు బరువైనది. అది బావి యడుగున నీటిమీద పరుచుకొని కదలక యుండును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడు పాళ్ళవరకు ఆ యావిరి కలిసియున్నచో నిప్పు తగిలినతోడనే మండి ప్రేలును. అట్టి బావిలో లాంతరు దింపువాడు ఒడ్డున నిలిచియున్నను బ్రదుకునని చెప్పజాలము. కావున బావిలో నూనెవాసన వచ్చినయెడల దీపము, బీడీ, విద్యుత్తు మోటారు – ఏదియు దరికి రానీయరాదు. మనిషిని దింపరాదు. ఈ యొక్క మాట మీ గ్రామమున నలుగురికి తెలిసినను నా శ్రమ ఫలించినట్లే.

ఇక ఆయన చెప్పిన రెండవ యుపాయము, సున్నమును బ్లీచింగు పొడియు. ఇవి క్రిములను చంపును గాని నూనెను చంపజాలవు. మన ప్రాచీనులకును బావినీటి శుద్ధి తెలియును. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళమను నధ్యాయము కలదు. భూమిలో నీరున్న తావులను చెట్లనుబట్టియు పుట్టలనుబట్టియు గుర్తించు విధమెల్ల అందున్నది. ఆ యధ్యాయముననే చెడిన నీటిని తేర్చుటకు అంజనము, తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరిక మొదలగువానిని చిల్లగింజతో గూర్చి చూర్ణముచేసి బావిలో వేయుమని చెప్పబడినది. చిల్లగింజ నీటిలోని మన్నును అడుగునకు దింపుననుట నేటికిని సత్యమే. కాని మన్ను నీటిలో తేలాడు వస్తువు. పెట్రోలులోని విషము నీటిలో కరిగిన వస్తువు. చక్కెర కరిగిన నీటిని ఎంత తేర్చినను తీపి పోవునా? వరాహమిహిరుని కాలమున లేని జబ్బునకు ఆయన మందును వాడుట ఆయనయందు గౌరవము కాదు.

ఆ కరిగిన విషములలో ముఖ్యమైనది బెంజీను. ఇది చిరకాలము శరీరములోనికి పోయినచో రక్తమునకు సంబంధించిన క్యాన్సరును కలిగించునని నిర్ధారణయైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించిన మేర ప్రకారము ఒక లీటరు త్రాగునీటిలో బెంజీను 10 మైక్రోగ్రాములకు, అనగా గ్రాములో లక్షవ వంతునకు మించరాదు. మనదేశపు పెట్రోలులో బెంజీను నూటికి ఒక పాలు మించరాదని నియమము. ఈ రెండు లెక్కలను కలిపి చూడుడు. ఒక లీటరు పెట్రోలులో ఒక పాలు బెంజీనున్నచో అది సుమారు 8.8 గ్రాములు. ఆ బెంజీనంతయు నీటిలో కరిగినదనుకొన్నచో దాదాపు 8 లక్షల 80 వేల లీటర్ల నీరు ఆ మేరను చేరును. అయిదు మీటర్ల వెడల్పును అయిదు మీటర్ల లోతు నీరును గల గుండ్రని బావిలో ఉండు నీరు 98 వేల లీటర్లు. అనగా ఒక్క లీటరు పెట్రోలు అట్టివి తొమ్మిది బావులను చెరుపగలదు. బెంజీను మాత్రమే నీటిలో నున్నచో ఆ మేరకు కొన్ని వందల రెట్లు పెరిగినగాని ముక్కు దానిని పసిగట్టలేదు. పెట్రోలులోని తక్కిన ద్రవ్యముల వాసన కొంత ముందుగా తెలియును. ఏమైనను వాసన పోయినది గదాయని నీరు బాగుపడినదనుకొనుట ప్రమాదము. కాచి త్రాగుట కూడ తగదు. బెంజీను ఆవిరియై వంటయింటిలోనే నిండి, కాచువారి ఊపిరితిత్తులలోనికి పోవును.

నేలలో నింకిన పెట్రోలు ఏమగును? నీటికంటె తేలిక కావున అది భూగర్భజలముపై తేలి తెట్టెవలె పరుచుకొనును. కొంత మట్టి రేణువులకు అంటుకొనును. కొంత ఆవిరియై మట్టి సందులలో నిలుచును. కొంత నీటిలో కరిగి, నీరు భూగర్భమున ఏ వాలుకు పోవుచున్నదో ఆ వాలుకే మెల్లగా ప్రయాణించును. వేసవిలో నీటిమట్టము దిగినప్పుడు తెట్టెయు దానితో దిగి దారిపొడుగున మట్టికి పట్టుకొనును. వానలకు నీరు పైకెక్కినపుడు ఆ పట్టుకొన్నది నీట మునిగి మరల కరుగుచుండును. ఈ కారణముచే ఒక ఋతువున చేసిన పరీక్షను నమ్మి నిశ్చింతగా నుండరాదు. వ్యవసాయపు బోరు సమీపమున బలముగా నడుచుచున్నచో అది తన చుట్టునున్న నీటితోపాటు ఈ విషమును గూడ తనవైపు గుంజుకొనును.

చికిత్సకు వత్తము. పెట్రోలులోని బెంజీను వంటి ద్రవ్యములకు త్వరగా ఆవిరియగు గుణమున్నది. చార్మినారు దాపున అత్తరు బుడ్డి మూత తీసినయెడల క్షణములో వీధియంతయు పరిమళించును గదా. అదియు నిదియు నొక్క ధర్మమే. గాలికి తగులనీయుడు, ఎగిరిపోవును. కాని నీటిలోపల, నేలక్రింద, గాలి యెక్కడిది? మనమే పంపవలెను. హుక్కా త్రాగువారిని చూచియుందురు. గొట్టమువెంట పొగ వచ్చి నీటిలో దిగి బుడగలై పైకి వచ్చును; వచ్చుచు తనలోని కొంత మడ్డిని నీటిలో విడిచిపెట్టును. మన పద్ధతి దీనికి తలక్రిందు. ఇచ్చట వచ్చునది శుద్ధమైన గాలి. అది పైకి పోవునపుడు నీటిలోని మాలిన్యమునే తాను ఎత్తుకొనిపోవును.

పని యిట్లు జరుగును. కలుషితమైన నీటిపొరకంటె కొన్ని అడుగులు లోతుగా సన్నని బోరు త్రవ్వుదురు. అందు రెండు మొదలు నాలుగంగుళముల గొట్టము దింపుదురు. గొట్టము చివర రెండుమూడడుగులు మాత్రమే చిల్లులుండును. ఆ చిల్లుల పైభాగమున గొట్టము చుట్టునున్న ఖాళీని బెంటొనైటు బంకమన్నుతోను సిమెంటుతోను బిగించవలెను. లేనియెడల గాలి నేలలోనికి పోక గొట్టము ప్రక్కనుండియే పైకి తన్నుకొనివచ్చును. తరువాత గాలియంత్రముతో గాలి పంపుదురు. పది మీటర్ల నీటిలోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి వంతున లెక్కించి, చిల్లులపై నిలిచిన నీటి బరువును గెలుచునంత ఒత్తిడియు, మట్టిలో దూరుటకు మరికొంతయు కలిపి పంపవలెను. ఎక్కువ బలముతో నూదినచో మట్టి పగిలి గాలి ఒక్క దారినే పట్టిపోవును. గాలియంత్రము నూనె లేక నడుచు రకముది కావలెను. నూనెను తొలగించుటకు నూనెతో నడుచు యంత్రమును దెచ్చి ఆ నూనెనే నేలలోనికి చిమ్ముట హాస్యాస్పదము గదా. ఒక బోరు ప్రభావము దాని చుట్టు కొన్ని మీటర్ల మేరకే యుండును కావున పెద్ద మేరకు అట్టి బోరులు వరుసగా వేయుదురు. గాలిని ఎడతెగక నూదుటకంటె కొంతసేపు నూది, ఆపి, మరల నూదుట మేలని అనుభవము. ఆగినప్పుడెల్ల నీరు కదలి, తప్పించుకొన్న భాగములును గాలికి తగులును.

దీనితో సగము పనియే అయినది. నీటినుండి వెడలిన ఆవిరి ఎచ్చటికి పోవును? దానిని విడిచిపెట్టినచో ప్రక్కయింటి నేలమాళిగలోనికో, మురుగుకాలువలోనికో చేరి ఒకనాడు ప్రేలును. అందుచే నీటిమట్టమునకు పైనున్న పొడిమట్టిలో వేరుగా బోరులు వేసి, పీల్చుయంత్రముతో ఆ యావిరిని లాగి, బొగ్గుపొడి నింపిన తొట్లగుండ పంపి, శుద్ధమైన గాలిని మాత్రమే బయటికి విడువవలెను. ఊదు బోరులుండి పీల్చు బోరులు లేని పనిని ఎవరైనను మీ గ్రామమున తలపెట్టినచో వెంటనే ఆపించుడు.

గాలికి మరియొక గుణము కలదు. అది ప్రాణవాయువును తెచ్చును. నేలలో నూనెను ఆహారముగా తిని బ్రదుకు సూక్ష్మజీవులు స్వభావముగానే యున్నవి. వానికి లోపించునది ప్రాణవాయువే. లెక్క చూడుడు: ఒక లీటరు పెట్రోలు బరువు 740 గ్రాములు, దానిని అవి పూర్తిగా తినుటకు దాదాపు మూడు రెట్లు, అనగా 2,200 గ్రాములకు పైగా ప్రాణవాయువు కావలెను. లీటరు నీటిలో కరిగియుండు ప్రాణవాయువు 8 మిల్లీగ్రాములకు మించదు. ఆ కొలతను 2 లక్షల 80 వేల లీటర్ల నీరు తెచ్చిన గాని ఆకలి తీరదు. అదే ప్రాణవాయువు గాలిలో 8 వేల లీటర్లలో నున్నది. జీవులచే చేయించు ఈ పనికి తొందర లేదు, అయితే ఖర్చు తక్కువ.

ఆ జీవుల బలమెంతటిదో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున బెమిడ్జి అను చోట తెలిసినది. 1979 ఆగస్టు 20వ తేదీన అచ్చట ముడినూనె గొట్టము పగిలి సుమారు 17 లక్షల లీటర్ల నూనె ఇసుకనేలపై పారెను. తోడినంత తోడి, కాల్చినంత కాల్చినను సుమారు 4 లక్షల లీటర్లు నేలలోనే మిగిలెను. 1983 నుండి అమెరికా భూగర్భశాస్త్రశాఖవారు ఆ నేలను విడువక పరీక్షించుచున్నారు. నూనె పోలేదు, కాని నీటిలో కరిగిన భాగము దూరము పోకుండ ఆ జీవులు దారిలోనే చాలవరకు తినివేసినవని కనుగొనిరి. ఇది విని, మన బావిని గూడ వానికే వదలుదమని ఊరకుండుట తగదు. బెమిడ్జిలో ఆ నీటిపైనాధారపడి నూరుమంది బిందెలతో నిలిచియుండలేదు.

మన తెలుగువారు చిరకాలముగా నివసించుచున్న ఉత్తర చెన్నపట్టణమున ఇట్టిదే జరిగినది. 2013లో తండయారుపేటలో బోరునీటియందు పెట్రోలు కలిసి వచ్చెను. రేవునుండి నిలువకేంద్రమునకు భూమిలో పోవు నూనెగొట్టము కారుట దానికి కారణమని తేలెను. వ్యవహారము జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయెను. శుద్ధి పనులు సంవత్సరముల తరబడి సాగెను. కారినది కన్నులకు గానరాదు. కనబడునప్పటికి ఎంతో కారియుండును. బావిలోని నూనె నేలక్రింది యేదో తొట్టియొక్కయో గొట్టముయొక్కయో ఆలస్యముగ చేరిన వార్త.

తండయారుపేట సముద్రతీరపు ఇసుకనేల. ఇసుకయందు గాలి సన్నని పాయలుగా చీలి నలుదెసల ప్రాకును. మన పద్ధతికి తగిన నేల అదియే. ఇక మన దక్కను సంగతి యేమి? నేనున్న ఫలక్‌నుమాను చూడుడు. వికారుల్ ఉమ్రా 1884లో మొదలిడి కట్టించిన ఫలక్‌నుమా రాజభవనము నిలిచిన గుట్ట నల్లశిల కాదు, సున్నపురాయి కాదు. హైదరాబాదు చుట్టు కానవచ్చు గ్రానైటు, 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఇచ్చట పైన కొంత మన్ను, దానిక్రింద మొరము, ఆక్రింద రాయి. రాతిలో నీరు బీటలయందు మాత్రమే యుండును. అట్టి రాతిలోనికి గాలి నూదినచో అది ఏదో ఒక పెద్ద బీటను పట్టుకొని పరుగెత్తి, మనమెరుగని చోట, ఒకవేళ ప్రక్కవాని బోరులోనే, పైకి వచ్చును. తక్కిన బీటలలోని నూనె కదలదు. పైగా ఆ యొక్క దారిన ఆవిరి పోయి పోయినచోట అపాయము కలిగించును. పైనున్న మొరములోనే కాలుష్యము నిలిచియుండి, ఆ మొరము ఇసుకవలె వదులుగా నున్నయెడల ఈ పద్ధతిని ప్రయత్నింపవచ్చును. రాతిలోనికి దిగినదా, వేరు త్రోవ చూడవలెను.

ఆ వేరు త్రోవ యిది. ఇసుకనేలలో గాలిని నీటికడకు పంపుదుము; రాతినేలలో నీటినే గాలికడకు తేవలెను. ముందు తేలియున్న నూనెను తగిన యంత్రములతో పైపైన తోడివేయుదురు. తరువాత నీటిని పైకి తోడి, ఎత్తయిన గోపురము పైనుండి జల్లుగా క్రిందికి విడిచి, క్రిందినుండి గాలి నూదుదురు. వెడలిన నీటిని బొగ్గుగుండ వడియగట్టుదురు. బీటలలో దాగినది మరల మరల ఊరుచుండును కావున పని సంవత్సరములు పట్టును. ఇది నచ్చని మాటయైనను దాచరాదు.

ఇసుకనేలయందును మూడు చోట్ల గాలి నూదుట పనికిరాదు. నీటిపై నూనెతెట్టె ఇంకను తేలియున్నచోట. నూదినచో అది చెదరి మరింత దూరము పోవును. ఇండ్ల నేలమాళిగలో మురుగుకాలువలో ఆనియున్నచోట. నీటిపొరకు పైన బంకమన్ను పొర కప్పియున్నచోట. గాలి పైకి రాలేక ప్రక్కలకు ప్రాకును. నీటిలో ఇనుము మెండుగా నున్నచో గాలి తగిలి అది త్రుప్పై చిల్లులను పూడ్చును. అదియు ముందుగా పరీక్షింపదగినదే.

ఒక క్రొత్త చిక్కు కూడ వచ్చినది. 2025 నాటికి మనదేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలుపుచున్నారు. చెరకు రైతునకును ధాన్యపు రైతునకును దానివలన లాభమున్నది, కాదనను. కాని నేలలోని జీవులు నూనెకంటె సారాయమును ముందు ఇష్టపడును. అది తినుటలో ఉన్న ప్రాణవాయువంతయు వ్యయమగును. బెంజీను వంతు వచ్చుసరికి గాలి మిగులదు. తత్ఫలముగా బెంజీను మునుపటికంటె దూరము ప్రయాణింపగలదు. కావున గాలి నూదవలసిన అవసరము తగ్గుట లేదు, పెరుగుచున్నది.

మా యింటికి వచ్చిన పెద్దమనిషి చివర అడిగినది ఖర్చు ఎవరిదని. 2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషితస్థలముల నిర్వహణకై నియమములు ప్రకటించెను. వాని ప్రకారము జిల్లా అధికారులు అనుమానముగల స్థలముల పట్టికను ఆరునెలలకొకమారు సిద్ధము చేయవలెను. అటుపై రాష్ట్ర కాలుష్యనియంత్రణమండలి 90 దినములలో మొదటి పరీక్ష జరిపించి, అవసరమైనచో వివరముగ సర్వే చేయించవలెను. కాలుష్యమునకు కారకుడెవడో తేలినచో శుద్ధి ఖర్చు వాడే భరించవలెను. కావున నోటిమాటతో ఆగక గ్రామపంచాయతీ తీర్మానముతో కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలుపుడు.

ఇంకను చెరుపు రాని గ్రామములవారు క్రొత్త పెట్రోలుబంకు వచ్చునపుడు మేలుకొనవలెను. 2020 జనవరిలో కేంద్ర కాలుష్యనియంత్రణమండలి చెప్పిన ప్రకారము క్రొత్త బంకు బడులకును, పది మంచములకు తక్కువ కాని ఆసుపత్రులకును, నివాసప్రాంతములకును 50 మీటర్ల దూరములో నుండవలెను. స్థలము చాలనిచోట అదనపు రక్షణలతో నైనను 30 మీటర్లకు తగ్గరాదు. బావి విషయమున నా అభిప్రాయమేమనగా దూరముకంటె వాలు ముఖ్యము. నీరు బంకునుండి బావివైపునకు పోవుచున్నదా, బావినుండి బంకువైపునకా అని అడుగుడు. తొట్టి ఒంటి గోడదా, రెండు గోడలదా, కారుటను తెలుపు యంత్రమున్నదా అనియు అడుగుడు. అడుగుట పెద్దల హక్కు.

ఇక నీరు పరీక్షకు పంపు విధము చెప్పి ముగించెదను. ప్లాస్టికు సీసా వలదు. గట్టి మూతగల చిన్న గాజుసీసాలు పరీక్షశాలవారే యిత్తురు. నీటిని పైనుండి దూకింపక గోడవెంట మెల్లగా జారనిచ్చి, అంచువరకు నిండుగా నింపి మూతవేయవలెను. తలక్రిందు చేసి చూచినపుడు ఒక్క గాలిబుడగయు కనబడరాదు. బుడగయున్నచో బెంజీను అందులోనికి చేరి మూత తీసినతోడనే పోవును, మీ చేతికి వచ్చు కాగితమున నీరు మంచిదని యుండును. సీసాలను మంచులో నుంచి ఆనాడే పంపుడు. సీసాపై తేదీయు, బావి గుర్తును, నీటిమట్టము ఎన్ని అడుగుల లోతున నున్నదో ఆ సంఖ్యయు వ్రాయుడు. వేసవిలో ఒకమారు, వానలు వెలిసిన పిమ్మట ఒకమారు పంపుడు. శుద్ధి జరిగి యంత్రములాపిన చోటులయందు, ఆపిన తరువాత ఒక సంవత్సరమైనను ఇట్లే పంపుచుండవలెను. మట్టినంటియున్నది యంత్రమాగిన పిమ్మట మెల్లగా నీటిలోనికి దిగుట పలుచోట్ల కనబడినది.